ఎడారిలో ఏముందని ఇంతమంది ఎగబడతారు?

రంగులపెట్టె | శనివారం, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. మాది బెజవాడ. డ్రాయింగ్ టీచరుగా రిటైరై, ఆర్నెల్లుగా అమెరికాలో, న్యూ మెక్సికో రాష్ట్రంలోని అల్బకర్కీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇన్నేళ్ళూ నేను వేసినవన్నీ కృష్ణ ఒడ్డు, అరటి తోటలు, వాన. పచ్చరంగు ట్యూబులు నెలకి రెండు అయిపోయేవి.

పోయిన వారం మావాడు అబిక్యూ అనే ఊరికి తీసుకెళ్ళాడు. జార్జియా ఓకీఫ్ ఉన్న ఊరు. 1929 వేసవిలో న్యూయార్క్ నుంచి న్యూ మెక్సికో వచ్చి, ఆ మట్టి వదల్లేక వస్తూ పోతూ ఉండి, 1949లో ఇక్కడికే మకాం మార్చేసిన చిత్రకారిణి. 98 ఏళ్ళు బతికి 1986లో పోయారు. ఆ చుట్టుపక్కల నుంచి పెడెర్నల్ అనే కొండ కనిపిస్తుంది. స్పానిష్‌లో ఆ మాటకి చెకుముకి రాయి అని అర్థమట. కొండ తలని కత్తితో అడ్డంగా కోసినట్టు ఉంటుంది. ఈ కొండని సరిపడా సార్లు వేస్తే నీకిచ్చేస్తానని దేవుడు నాతో అన్నాడని ఆవిడ చెప్పుకునేదట. చివరికి ఆవిడ బూడిద దాని మీదే చల్లారు.

నేనూ పెట్టె తెరుచుకుని కూర్చున్నాను. ఆకాశానికి నీలం వాష్, అంటే నీళ్ళరంగు పలచటి పూత, వేస్తున్నా. కుంచె కుడి అంచుకి చేరేలోపు ఎడమ అంచు ఆరిపోయింది! బెజవాడలో ఆగస్టులో అయితే కాగితం ఫ్యాను కింద పెట్టి, టీ తాగి, పక్కింటావిడతో మాట్లాడి వచ్చినా తడిగానే ఉండేది. ఇక్కడ గాలి కాగితాన్ని నాకేస్తోంది. నాలుగు కాగితాలు పాడు చేశాను.

మొదటి గంట భయమేసింది. కంటికి అడ్డం ఏమీ లేదు, చెవికి చప్పుడు లేదు. మూడో గంటకి లేవబుద్ధి కాలేదు. మా అబ్బాయి హారన్ కొట్టి లేపాడు. అందుకే అడుగుతున్నా, ఏమీ లేని చోటికి రాసేవాళ్ళూ గీసేవాళ్ళూ ఇలా పరిగెత్తుకొస్తారెందుకు?

గోదారిగట్టు | శనివారం, ఉదయం 8:03

టీచరు గారూ, మా కోనసీమలో ఒక పూట కరెంటు పోతేనే ఎడారిలో ఉన్నట్టుంటుంది. మనకి ఎడారంటే సినిమా పాటలో విరహం, లేదా కథలో హీరో జీవితం. అంతకు మించి తెలీదు. అయినా లారెన్స్ గారు ఒంటె ఎక్కి యుద్ధం చేసి పుస్తకం రాశాడు కదా, ఆయన్ని అడిగితే సరి.

పాతపుస్తకం | శనివారం, ఉదయం 9:30

గోదారి గారూ, మీరు చెప్పేది టి.ఇ. లారెన్స్, అరేబియా ఆయన. రంగులపెట్టె గారున్న న్యూ మెక్సికోకి వచ్చింది డి.హెచ్. లారెన్స్, నవలలాయన. ఇద్దరూ ఇంగ్లీషువాళ్ళే, ఇద్దరికీ ఎడారి పిచ్చే. నలభై ఏళ్ళు లైబ్రరీలో పని చేశాను, ఒకాయన పుస్తకం అడిగి రెండో ఆయనది పట్టుకెళ్ళిన వాళ్ళని చాలామందిని చూశాను. ఏమనుకోకండి.

అసలు ఆ పక్కకి చిత్రకారులు చేరడం ఒక బండి చక్రం వల్ల మొదలైంది. 1898లో బ్లూమెన్‌షైన్, ఫిలిప్స్ అని ఇద్దరు కుర్ర చిత్రకారులు గుర్రబ్బండి మీద మెక్సికో వెళ్దామని బయల్దేరారు. న్యూ మెక్సికోలోని టావోస్ అనే ఊరికి ఇంకా ముప్పై కిలోమీటర్లుందనగా చక్రం విరిగింది. ఎవరు వెళ్ళి బాగు చేయించాలో తేల్చుకోవడానికి నాణెం ఎగరేశారు. బ్లూమెన్‌షైన్ ఓడిపోయి, విరిగిన చక్రం పట్టుకుని గుర్రం మీద టావోస్ పోయాడు. ఆ దారిలో చూసిన వెలుగు ఆయన్ని వదల్లేదు. ఇద్దరూ మెక్సికో సంగతి మరిచిపోయారు. 1915లో టావోస్ చిత్రకారుల సంఘం పెట్టిన ఆరుగురిలో వీళ్ళిద్దరూ ఉన్నారు.

1917లో మేబుల్ డాడ్జ్ అనే డబ్బున్నావిడ న్యూయార్క్ నుంచి వచ్చి టావోస్‌లో ఇల్లు కట్టుకుని, కనిపించిన కళాకారుడినల్లా పిలిచింది. డి.హెచ్. లారెన్స్ 1922లో వచ్చాడు. ఆవిడ తన కొండ మీది పొలాన్ని లారెన్స్ భార్య ఫ్రీడాకి ఇచ్చేసి, బదులుగా ఒక నవల చేతిరాత ప్రతి తీసుకుంది. నూట అరవై ఎకరాలు! మన దగ్గర నవల ప్రతి ఇస్తే అచ్చువేసేవాడు కూడా దొరకడు. 1929లో ఓకీఫ్ గారు మొదట దిగిందీ మేబుల్ ఇంట్లోనే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. శాంతా ఫే రైల్వే కంపెనీ ఈ చిత్రకారుల బొమ్మలు కొని క్యాలెండర్ల మీద వేసి ఊరూరా పంచింది. టికెట్లు అమ్ముకోవాలిగా. ఎడారి మోజులో సగం మట్టి మహిమైతే సగం రైలు కంపెనీ మహిమ.

గోదారిగట్టు | శనివారం, ఉదయం 9:41

పరువు పోయింది. ఇద్దరు లారెన్సులకీ క్షమాపణలు.

వెలుగునీడ | శనివారం, మధ్యాహ్నం 12:15

నాది కెమెరా వైపు సమాధానం. టీచరు గారు వెళ్ళిన దారిలోనే హెర్నాండెజ్ అనే చిన్న ఊరు తగులుతుంది. 1941 నవంబరు 1 సాయంత్రం ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ ఆ దారిలో శాంతా ఫేకి తిరిగి వస్తున్నాడు. అప్పుడే చంద్రుడు పైకొచ్చాడు. పడమటి నుంచి పడుతున్న చివరి ఎండకి శ్మశానంలో తెల్ల శిలువలు మెరుస్తున్నాయి. కారు రోడ్డు పక్కకి దించి పెట్టె కెమెరా నిలబెట్టాడు కానీ లైట్ మీటరు కనపళ్ళేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిళ్ళని ఆయనకి నోటికి వచ్చు. ఆ లెక్క మనసులోనే కట్టి ఒక్క సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. జాగ్రత్త కోసం రెండోది తీద్దామనుకునేసరికి శిలువల మీద ఎండ పోయింది. ప్రపంచమంతా తెలిసిన ఆ ఫొటోకి ఉన్నది ఒక్కటే నెగెటివ్.

ఇలాంటి ఫొటో మన కోస్తాలో రాదు. గాలిలో తేమ ఉంటే దూరం పాలలాగా తెల్లబడిపోతుంది. కొండ వెనక కొండ బూడిద రంగులో కలిసిపోతుంది. ఎడారిలో వంద కిలోమీటర్ల అవతలి కొండకి కూడా అంచు బ్లేడుతో గీసినట్టుంటుంది. చెట్టూ చేమా లేవు కాబట్టి నేల ఎముకలు కనిపిస్తాయి. ఒక మనిషో గుర్రమో అడ్డం వస్తే చాలు, అదే బొమ్మ. కళాకారుడికి ఇంతకంటే ఏం కావాలి?

కణేకల్లోడు | శనివారం, రాత్రి 9:48

అన్నా, నేల ఎముకలు అన్నావు. నిజం ఎముకల గురించి నేను చెప్తా.

నిన్న రంగులపెట్టె అక్క పోస్టు... సారీ, పొద్దున పోస్టు చదివినాక ఓకీఫ్ బొమ్మలు ఫోన్లో వెతికి చూసినా. కొండలు బాగున్నాయి. తర్వాత ఆవు పుర్రెలు వచ్చినాయి. ఎందుకు గీసిందా అని చదివితే, 1930లో అక్కడ కరువొచ్చి పశువులు చచ్చినాయంట. ఎక్కడ పడితే అక్కడ ఎముకలు. పూలు దొరకలేదని ఆమె ఆ ఎముకలే ఏరుకుని పీపాకెత్తి న్యూయార్క్ పంపుకుందంట.

మాది అనంతపురం జిల్లా, కణేకల్లు పక్కన. హగరి ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేసేది మా పక్కనే. ఎడారి చూడాలంటే రాజస్థాన్ పోనక్కర్లేదు. ఆషాఢం గాలి మొదలైతే మా అమ్మ పొద్దున గడప దగ్గర చీపురుతో కాదు, చేటతో ఎత్తిపోస్తుంది. ఉగ్గాని నోట్లో పెట్టుకుంటే పంటి కింద కరకర. మా నాయన శనక్కాయ వేసిన చేనికి గట్టు ఏది, దిబ్బ ఏది అని ఒక ఏడు తెలీకుండా పోయింది. కరువులో కసువు లేక ఎద్దుల్ని సంతకు తోలిన రోజు ఆయన అన్నం తినలేదు. మా ఇంట్లో ఎవరూ ఆ పుర్రెను గోడకు తగిలించుకోరు.

అక్కా, మిమ్మల్ని అనడం లేదు. నీళ్ళ బాటిల్, కారు, ఏసీ ఉన్నోళ్ళకే ఎడారి అందంగా కనపడుతుందని నా డౌటు. ఎడారిలో ఉండేవాడు మబ్బు కోసం చూస్తాడు, వెలుగు కోసం కాదు.

మోడరేటర్ | శనివారం, రాత్రి 10:20

చర్చ బాగుంది. ఫొటోలు పెట్టేవాళ్ళు సైజు తగ్గించి పెట్టండి. గండికోట రీల్స్ లింకులు మూడు తీసేశాను. అది లోయ, ఎడారి కాదు.

చాండ్లర్ కోడలు | ఆదివారం, తెల్లవారుజామున 1:05

అరిజోనా నుంచి. కణేకల్లు తమ్ముడూ, ఏసీ ఉన్నా భయం పోదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు దాటింది, అంటే మన లెక్కలో 43 పైన. స్టీరింగు పట్టుకోవడానికి కిచెన్ గ్లవ్స్ వాడాను. ఆ నెలలో మా ఏసీ పాడైంది. రిపేరు కంపెనీ వాళ్ళు మూడు రోజులు తిప్పారు. మా అత్తగారు తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, ఇంతకంటే రెంటచింతల నయం అన్నారు.

కానీ వాన పడే ముందు ఒక వాసన వస్తుంది. ఇక్కడ క్రియొసోట్ అనే పొద ఉంటుంది. ఆకులకి జిగురు పూత. వాన చినుకు తగిలిందా, ఊరంతా ఆ వాసనే. మన మట్టివాసన కాదు, కొంచెం మందుల షాపు, కొంచెం తారు. మొదట్లో తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఆ వాసన వస్తే మీటింగు మధ్యలో అయినా లేచి బయటికి పోతాను. ఇక్కడ పుట్టినవాళ్ళు కొందరు ఆ కొమ్మ ఒకటి బాత్రూములో కట్టుకుంటారు, షవర్ ఆవిరికి వాన వాసన రావాలని. ఎడారిలో ఉన్నవాళ్ళ ఊహ అంతా వాన చుట్టూనే. తమ్ముడు అన్నది అక్కడికి కరెక్టే.

పాతపుస్తకం | ఆదివారం, ఉదయం 6:50

కణేకల్లు బాబు మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. లేచి రెండు పుస్తకాలు తీశాను.

ఒకటి, ఇస్లాంకి ముందు కాలపు అరబ్బీ కవి ఇమ్రుల్ కైస్ గేయం, ఆరో శతాబ్దిది. ప్రియురాలి జనం గుడారాలు ఎత్తేసుకుపోయిన చోట నిలబడి ఏడవడంతో మొదలవుతుంది. ఇసుక, గుర్తుల్లేని దారి, గుర్రం, వేట అన్నీ అయ్యాక ఆ గేయం దేనితో ముగుస్తుందనుకున్నారు? కుంభవృష్టితో. మెరుపులు, చెట్లు కూలిపోయే వరద, మునిగిపోయిన మృగాలు. ఎడారి కవి తన కావ్యం చివర దాచుకున్నది వాననే.

రెండోది లెస్లీ మార్మన్ సిల్కో 1977 నవల 'సెరెమనీ'. ఆవిడ ఆ న్యూ మెక్సికోలోనే లగూనా ప్యూబ్లో అనే ఆదివాసుల ఊళ్ళో పెరిగిన మనిషి, బయట నుంచి వచ్చినావిడ కాదు. కథానాయకుడు రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్ అడవిలో ఉన్నప్పుడు ఆగని వానని తిడతాడు. ఇంటికొస్తే ఊళ్ళో ఏళ్ళ తరబడి చుక్క లేదు. తన తిట్టే తగిలిందని కుమిలిపోతాడు. వచ్చిన లారెన్స్‌కీ అక్కడే పుట్టిన సిల్కోకీ ఉన్న తేడా చూడండి. ఒకరికి నేల దర్శనం, ఇంకొకరికి నేల బాకీ.

వెలుగునీడ | ఆదివారం, ఉదయం 8:22

మాస్టారూ, అలా రెండు గంపలుగా పంచేస్తే నేనొప్పుకోను. కరువు చూసినవాడికి అందం కనపడకూడదా? బయటి వాడికి కనిపించేదంతా అబద్ధమా? ఆడమ్స్ ఫొటోలో శిలువలు ఆ ఊరివాళ్ళ తాతలవే.

రాజంపేట రిటర్న్ | ఆదివారం, ఉదయం 11:40

నేను పదకొండేళ్ళు కువైట్‌లో డ్రైవర్. రాసేవాణ్ణీ కాదు, గీసేవాణ్ణీ కాదు. చూసింది చెప్తాను.

నవంబరు నుంచి మార్చి దాకా కువైటీలు ఇసుకలో గుడారాలు వేసుకుంటారు. ఖైమా అంటారు. అద్దాల మేడలున్న ఇంట్లోవాళ్ళు కూడా. సామాన్లు మోసేది, జనరేటరు చూసేది మేము. పిల్లలు నాలుగు చక్రాల బండ్ల మీద రయ్యిమని తిరుగుతారు, మామ, అంటే యజమానురాలు, ఫోన్లో ఉంటుంది. మా బాబా మాత్రం, అంటే యజమాని, సాయంత్రం అయితే గుడారానికి దూరంగా మంట వేసుకుని ఒక్కడే కూర్చునేవాడు. ఫోన్ కారులో పెట్టేయమనేవాడు. గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, తాగుతూ ఏవో పాత పద్యాలు తనలో తనే అనుకునేవాడు. నాకు అర్థమయ్యేవి కావు. ఒక రోజు నన్నూ కూర్చోమన్నాడు. గంట సేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. ఊళ్ళో ఉన్న నా పిల్లలందరి మొహాలూ వరసగా కనపడినాయి. అదేదో భయంగా కూడా ఉండింది.

శీతాకాలం మొదట్లో ఉరుములతో వాన పడితే వాళ్ళ సంతోషం చూడాలి. ఉరిమితే ఇసుకలో ఫగా పుడుతుందంటారు. బంగాళాదుంప లాగా ఉంటుంది, భూమిలో ఊరే పుట్టగొడుగు. బాబా ఒంగి ఒంగి నేల చూసుకుంటూ నడిచేవాడు. ఇసుక కొంచెం ఉబ్బి చీలిందంటే అక్కడ కర్రతో తవ్వేవాడు. బాబా, మా ఊళ్ళో కూడా ఉరిమితేనే పుట్టగొడుగులు లేస్తాయంటారు అని వచ్చీరాని అరబ్బీలో చెప్పినా. ఆయన నవ్వి నవ్వి, దొరికినవాటిలో మూడు నా చేతిలో పెట్టినాడు. ఉల్లిపాయేసి వేయించుకున్నాం, రూములో నలుగురం.

గోదారిగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 12:02

ఈ ఒక్క పోస్టు కోసం ఈ థ్రెడ్ దాచుకుంటున్నా.

చార్మినార్ చౌరస్తా | ఆదివారం, సాయంత్రం 5:30

జైసల్మేర్ ముచ్చట ఒకటి. పోయిన డిసెంబర్‌ల ఫ్యామిలీతో పోయినం. గైడు మొదలు చూపెట్టేది కోటలో ముకుల్ ఇల్లు. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన సినిమాలో పిల్లగాని పేరు అది. సినిమా వచ్చినంక బెంగాల్ నుంచి జనం ఆ కోటకు యాత్ర లెక్క పోతనే ఉన్నరు. కళాకారులను ఎడారి పిలిచిందంటున్నరు కదా, అక్కడ కళాకారుడే ఎడారికి జనాన్ని పిలిచిండు.

సామ్ ఇసుక దిబ్బల కాడ మాత్రం మస్తు చిరాకు. డీజే, ఒంటెల లైను, ప్లాస్టిక్ కప్పులు. క్యాంపుల మంగణియార్ గాయకులు ఇద్దరు వచ్చి సినిమా పాటలే పాడిన్రు, టూరిస్టులు అవే అడుగుతరు మరి. అందరు పడుకున్నంక పెద్దాయనకు చాయ్ ఇచ్చి, మీ ఇంట్ల పాడుకునేది ఒకటి పాడమన్న. కమాయచా అనే తీగల వాయిద్యం తీసిండు. మూడు పాటలు పాడిండు. ఒకటి కొంగల్లాంటి పక్షులకు సందేశం చెప్పేది, కుర్జా అంటరు, చలికాలం ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చే పక్షులు. మిగిలిన రెండూ వాన పాటలే. అడిగితే, వాన ఎప్పుడో ఒకసారి వస్తది, పాటలన్నా రోజూ రావాలె కద సాబ్ అన్నడు.

ఇంటికొచ్చి అనుపమ్ మిశ్ర 1995లో రాజస్థాన్ నీళ్ళ మీద రాసిన హిందీ పుస్తకం చదివిన. అక్కడోళ్ళు నీళ్ళను మూడు రకాలంటరు. వానగ పడేది పాలర్ పానీ, లోతు బావిలది పాతాళ్ పానీ. ఈ రెంటి నడుమ, ఇసుక కింద జిప్సం పొర ఆపిన చెమ్మ రేజాణీ పానీ. దానికోసం కుఁయీ అని మనిషి పట్టేంత సన్నటి బావి తవ్వుతరు. అడుగున చుక్క చుక్క ఊరుతది, దినానికి రెండు మూడు కుండలు. మబ్బులకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు కూడా పేజీ నిండ ఉన్నయి. మబ్బు రోజూ కనవడే మనకు మబ్బు, మేఘం, మొయిలు. ఇంక ఒకటో రెండో.

వెలుగునీడ అన్న మాట కూడ తీసెయ్యలేం. కథలు రాసే విజయదాన్ దేథా జోధ్‌పూర్ జిల్లా బోరుందా అనే పల్లెల పుట్టిండు, చదువుకు బయటికి పోయినా తిరిగొచ్చి 2013లో పోయేదాక ఆ ఊర్లనే ఉన్నడు. ఎక్కువ రాజస్థానీలనే రాసిండు, ఊరోళ్ళ కథలు విని రాసిండు. ఆయనకు ఎడారి వచ్చి చూసే చోటు కాదు, కథలు చెప్పే ముసలమ్మల ఇల్లు.

రంగులపెట్టె | సోమవారం, ఉదయం 6:35

నిన్నంతా ఏం రాయలేకపోయాను. కణేకల్లు తమ్ముడి ఎముకల మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆవిడ పుస్తకాలు మళ్ళీ తిరగేస్తే ఒక సంగతి తగిలింది. ఓకీఫ్ 1940లో ముందు కొన్న ఇల్లు అబిక్యూకి కొంచెం దూరంలో ఘోస్ట్ రాంచ్ అనే చోటిది. అక్కడ కొండలు ఎర్రగా, పసుపుగా కళ్ళముందే ఉంటాయి. కానీ కూరగాయలు పండించుకునేంత నీళ్ళు లేవు. ఏది కావాలన్నా దూరం పోవాలి. ఆవిడకి తోట కావాలి. 1945లో అబిక్యూలో కూలిపోయిన పాత ఇల్లు ఒకటి చర్చివాళ్ళ నుంచి కొన్నది. దానికి కాలవ నీళ్ళ హక్కు ఉంది, వంతు ప్రకారం తోటకి పారుతుంది. ఎడారి మహారాణి కూడా నీళ్ళున్న చోటే కాపురం పెట్టింది! ఆ ఇంటి మట్టిగోడలు ఊరి ఆడవాళ్ళు చేత్తో మెత్తి నున్నగా చేశారట. మా అమ్మమ్మ ఊళ్ళో సంక్రాంతి ముందు గోడలు అలికిన చేతులు గుర్తొచ్చాయి.

ఇంకోటి. ఆవిడ 1932లో వేసిన తెల్లపువ్వు బొమ్మ 2014 వేలంలో 4 కోట్ల 44 లక్షల డాలర్లకి పోయింది. అదేం పువ్వో తెలుసా? ఉమ్మెత్త! మనం శివుడికి పెట్టే పువ్వు, పిల్లలు ముట్టుకుంటే చెయ్యి కడుక్కోమని తిట్టే పువ్వు. ఇక్కడ దారి పక్కన ఊరికే ఉంది.

నిన్న మళ్ళీ అబిక్యూ వెళ్ళాను. వాష్ వేయలేదు, ఇక్కడి గాలికి వాష్ పనికిరాదు. పొడి కుంచెతో ఒక్క ఉమ్మెత్త వేశాను. కొండ జోలికి పోలేదు. తమ్ముడూ, నీ ఇసుక ఏ రంగు?

కణేకల్లోడు | సోమవారం, రాత్రి 10:15

అక్కా, నేనే మాట ఎక్కువ అన్నానేమో అనుకుంటున్నా. రాజంపేట అన్న పోస్టు మా అమ్మకు చదివి వినిపించినా. ఉరిమితే పుట్టగొడుగులు అనే కాడ, మరి కాదా అనింది.

ఇసుక రంగు ఏందంటే, నాకు ఇన్నేళ్ళూ ఇసుక అంటే ఎత్తిపోసేదే, రంగు చూసింది లేదు. మీరు అడిగినారని ఈ సాయంత్రం దిబ్బ దగ్గరికి పోయినా. ఆరు గంటలకు ఉగ్గాని రంగు. పసుపు ఎక్కువ పడిన ఉగ్గాని. ఆరుంపావుకు ఎర్రగా అయింది, నీడ పక్క మాత్రం వంకాయ రంగు. ఫొటో తీస్తే ఫోన్లో అన్నీ బూడిదగా వచ్చినాయి.

ఆషాఢంలో ఇండియాకు వస్తే మా ఊరికి రండి. గాలి చూపిస్తా. కళ్ళజోడు, మూతికి గుడ్డ మర్చిపోవద్దు. వాష్ గురించి టెన్షన్ లేదు, మా అమ్మ తడిగుడ్డ పట్టుకుని పక్కనే కూర్చుంటానంది.